ఫిజీలో తుఫాన్ల సీజన్: గాలి సంగతి సరే, సముద్రం సంగతి ముందే చూస్కోండి

నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఫిజీలో తుఫాన్ల సీజన్ అని ఇక్కడున్న అందరికీ తెలుసు. రేకులు బిగించుకోవడం, కిటికీలకి ప్లైవుడ్ కొట్టుకోవడం, మంచినీళ్ళు పట్టి పెట్టుకోవడం, ఇవి గిర్మిట్ కాలం (బ్రిటిష్ వాళ్ళు ఒప్పందం మీద కూలీల్ని తెచ్చిన కాలం) నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలకి మనం కొత్తగా నేర్పేదేం లేదు. నేను రాసేది ఈ మధ్య ఉద్యోగాల మీద వచ్చి లౌటోకా, నాందీ, సువా, లంబాసా వైపు అద్దెకి దిగిన మనవాళ్ళ కోసం. వీళ్ళలో చాలామంది తుఫాను అనగానే కేటగిరీ ఎంత, గాలి స్పీడ్ ఎంత, మనకి ఎన్ని కిలోమీటర్ల దూరంలో పోతోంది అని ఇవే చూస్తారు. దూరంగా పోతోందంటే హమ్మయ్య అనుకుని పడుకుంటారు. నీళ్ళ లెక్క వేరండీ, గాలి దూరంగా ఉన్నా నీళ్ళు ఇంట్లోకి రావచ్చు.

2015 మార్చిలో పామ్ తుఫాను వనువాటుని కొట్టింది. తువాలు దాని దారిలోనే లేదు, వందల కిలోమీటర్ల దూరంలో ఉంది, అయినా ఆ తుఫాను లేపిన పెద్ద కెరటాలు తువాలు దీవుల మీదకి ఎక్కేసి ఇళ్ళూ తోటలూ బావులూ ఉప్పునీళ్ళ పాలయ్యాయి, దేశ జనాభాలో దాదాపు సగం మంది ఇళ్ళు వదలాల్సి వచ్చింది. అందుకే మ్యాప్ మీద గీత మన ఊరి పక్కనుంచి పోలేదని ధీమా పడొద్దు అంటున్నా.

మీ గుమ్మం దాకా నీళ్ళు రావాలంటే కొన్ని కలవాలి. మొదటిది పోటు, ఇది చంద్రుడు సూర్యుడు చేసే పని, కాబట్టి ముందే లెక్క కట్టొచ్చు. రెండోది గాలి పీడనం, అది ఒక్క హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటర్ లేస్తుంది. మూడోది గాలి నీటిని ఒడ్డు మీదకి నెట్టడం, దీన్నే మనం ఉప్పెన అంటాం, 1977లో దివిసీమలో వేలమందిని తీసుకుపోయింది గాలి కాదు, ఇదే. నాలుగోది ఎక్కడో పుట్టి వచ్చే పెద్ద కెరటాలు, ఇవి రీఫ్ (ఒడ్డుకి దగ్గర్లో నీళ్ళ కింద ఉండే పగడపు దిబ్బ) మీద విరిగి లోపలికి నీళ్ళు ఎక్కిస్తూనే ఉంటాయి, ఆ నీళ్ళు వెనక్కి పోయేలోపే ఇంకోటి వస్తుంది. వీటన్నిటి కింద లానినా ఏడా ఎల్‌నినో ఏడా అన్నదొకటి (మధ్య, తూర్పు పసిఫిక్ నీళ్ళు మామూలు కంటే చల్లబడితే లానినా, వేడెక్కితే ఎల్‌నినో), లానినా ఏళ్ళలో పడమటి పసిఫిక్‌లో నీటి మట్టమే మామూలు కంటే ఎత్తులో ఉంటుంది. ఒక్కొక్కటీ విడిగా వస్తే చాలాసార్లు పెద్ద ఇబ్బంది ఉండదు, రెండు మూడు ఒకే గంటలో కలిస్తే ప్రమాదం బాగా ఎక్కువ.

ఇక దీన్ని ముందే కనిపెట్టడానికి ఏం ఉందంటే, చాలా మంచి ఏర్పాటే ఉంది, మనమే వాడుకోం. 1991లో ఆస్ట్రేలియా డబ్బుతో మొదలైన సముద్ర మట్టం కొలిచే ప్రాజెక్టు ఇప్పటికీ నడుస్తోంది, 14 పసిఫిక్ దేశాల్లో రేవుల దగ్గర టైడ్ గేజ్‌లు ఉన్నాయి, లౌటోకాలోది 1992 నుంచి పనిచేస్తోంది, సువాలోనూ ఉంది. నీటి ఎత్తుతో పాటు గాలి, పీడనం, నీటి వేడి కూడా ఆ స్టేషన్లు కొలుస్తాయి. గేజ్ ఉన్న నేల కూడా కుంగుతోందేమో అని పక్కనే శాటిలైట్ రిసీవర్ పెట్టి అదీ చూస్తారు, సమోవాలో 2009 భూకంపం తర్వాత నేలే దిగుతూ వస్తోంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఈ రికార్డుల మీద ఆధారపడే ఆస్ట్రేలియా వాతావరణ శాఖ ఏటా ప్రతి దేశానికీ టైడ్ క్యాలెండర్ (ఏ రోజు ఎన్నింటికి పోటు, ఎంత ఎత్తు అని చెప్పేది) వేస్తుంది, ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. సువాలోనే ఆఫీసులున్న పసిఫిక్ కమ్యూనిటీ, అంటే ఎస్‌పీసీ అనే పసిఫిక్ దేశాల ఉమ్మడి సంస్థ, వాళ్ళు ఈ పనిలో భాగస్వాములు. నెలనెలా ఓషన్ బులెటిన్ కూడా వస్తుంది, అందులో మన వైపు మట్టం మామూలు కంటే ఎక్కువ ఉందా తక్కువ ఉందా అని రంగుల మ్యాప్ ఉంటుంది. ఈ రెండూ అక్టోబర్‌లోనే ఫోన్‌లో పెట్టుకోండి, క్యాలెండర్ అయితే ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అతికించండి, ఎందుకంటే అసలు అవసరమైన రోజున కరెంటూ నెట్టూ ఉండవు.

క్యాలెండర్ చూసేటప్పుడు రెండు విషయాలు గుర్తుండాలి. ఒకటి, అందులో ఉన్నది చంద్రుడూ సూర్యుడి లెక్క మాత్రమే, ఆ రోజు వాతావరణం ఎలా ఉంటుందో దానికి తెలీదు, అంటే 1.9 మీటర్లు అని రాసుంటే అది మంచి రోజున వచ్చే ఎత్తు. రెండు, ఆ 1.9 అనేది మీ వాకిట్లోంచి కొలిచింది కాదు, రేవు దగ్గర బాగా పాటులో ఉన్నప్పుడు నీళ్ళుండే మట్టం నుంచి కొలిచింది. కాబట్టి ఆ అంకె ఒక్కటే చూస్తే మీకేం అర్థం కాదు, మీ వీధికి దాన్ని మీరే జత చేసుకోవాలి.

ఎలాగంటే, సీజన్ ముదరకముందే వాతావరణం ప్రశాంతంగా ఉన్న ఒక పౌర్ణమికో అమావాస్యకో, సరిగ్గా ఆ రోజు కాకుండా ఒకట్రెండు రోజుల తర్వాత వెళ్ళండి, పెద్ద పోటు అప్పుడే వస్తుంది. క్యాలెండర్‌లో ఉన్న పోటు టైముకి మీ ఇంటికి దగ్గర్లోని డ్రెయిన్ దగ్గరో కల్వర్టు దగ్గరో సీవాల్ దగ్గరో నిలబడి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పెయింట్‌తో గీత పెట్టండి, పక్కన క్యాలెండర్ అంకె రాయండి. ఆ గీతకీ మీ గుమ్మానికీ ఎత్తులో ఎంత తేడా ఉందో టేపుతో కొలుచుకోండి, లేదంటే ట్రాన్స్‌పరెంట్ పైపులో నీళ్ళు పోసి మేస్త్రీలు లెవెల్ చూసినట్టు చూసుకోండి. ఉదాహరణకి 1.7 మీటర్ల పోటుకి నీళ్ళు గుమ్మానికి 60 సెంటీమీటర్లు కింద ఆగాయనుకుందాం. ఫిబ్రవరిలో ఒక రాత్రి క్యాలెండర్‌లో 2.0 ఉంది, అంటే అప్పటికే 30 పోయింది, అదే రాత్రి అల్పపీడనం వచ్చి పీడనం 1010 నుంచి 990కి పడింది, ఇంకో 20 పోయింది. మిగిలింది 10 సెంటీమీటర్లు, ఇంకా గాలి నెట్టుడు లెక్కలోకి రానేలేదు. ఇలా లెక్క కట్టుకున్నవాళ్ళు సాయంత్రమే కారు ఎత్తుకి తీసేసి, బియ్యం బస్తాలు పైకెక్కించి, పిల్లల్ని వేరేచోట పడుకోబెడతారు. అయితే ఈ లెక్క మామూలు చెడ్డ రోజులకే అండీ, తుఫాను నేరుగా మీదకొస్తుంటే లెక్కలు వేస్తూ కూర్చోవద్దు, అధికారులు ఖాళీ చెయ్యమంటే చెయ్యడమే.

రోజుకి రెండు పోట్లు ఉంటాయి, సుమారు 12 గంటల 25 నిమిషాల తేడాతో. పగటి పోటుకి కాళ్ళు తడిసాయి, పర్లేదు తగ్గిపోయింది అనుకుంటే అర్ధరాత్రి దాటాక ఇంకోటి ఉంటుంది, రెండూ ఒకే ఎత్తు ఉండవు, రెండింటి అంకెలూ చూడండి.

నాందీ, బా, నౌసోరి, లంబాసా వాళ్ళకి ఇంకో సంగతి. మీరు సముద్రానికి దూరంగా ఉన్నాం అనుకుంటారు, కానీ నది నీళ్ళు వెళ్ళాల్సింది సముద్రంలోకే, అక్కడ పోటు ఉంటే నది నీళ్ళు దిగవు, ఊళ్ళోనే నిలబడతాయి. నాందీ టౌన్ 2009 జనవరిలో మునిగింది, 2012లో జనవరిలోనూ మార్చిలోనూ మునిగింది. కొండల్లో ఒకటే వాన పడుతుంటే వాన ఎన్ని మిల్లీమీటర్లు అని మాత్రమే కాదు, తర్వాతి పోటు ఎన్నింటికి అని కూడా చూడండి. షాపులున్నవాళ్ళు సరుకు పైకెత్తే పని పోటుకి మూడు నాలుగు గంటల ముందే ముగించాలి.

సింగటోకా దాటాక కోరల్ కోస్ట్ అంతా రీఫే. అక్కడ ఆకాశం నీలంగా ఉండి గాలి లేకపోయినా, దక్షిణాన ఎక్కడో న్యూజిలాండ్ వైపు తుఫాను లేపిన కెరటాలు వచ్చి ఒడ్డు మీదకి ఎక్కుతాయి. 2011 మే నెలలో అలాగే జరిగింది, మే అంటే తుఫాన్ల సీజన్ కూడా కాదు. ఫిజీ వాతావరణ శాఖ ‘డ్యామేజింగ్ హెవీ స్వెల్ వార్నింగ్’ అని ఇస్తుంది, ఆ మాట కనపడితే పిక్నిక్ మానెయ్యండి, రీఫ్ మీద చేపలకి వెళ్ళొద్దు, బీచ్ పక్క రూమ్ అయితే వెనక బ్లాక్‌కి మార్చమని అడగండి. మనవాళ్ళు వీకెండ్‌కి పిల్లల్ని తీసుకుని వెళ్ళేది ఆ రోడ్డు మీదకే కాబట్టి గట్టిగా చెప్తున్నా. ఎండ కాస్తోంది కదా అని ఎవరైనా అంటే వాళ్ళ మాట వినొద్దు.

ఇక తుఫాను. నాందీలో ఉన్న ఫిజీ వాతావరణ శాఖ తుఫాను కేంద్రమే ఈ ప్రాంతం మొత్తానికి తుఫాన్లకి పేర్లు పెట్టి బులెటిన్లు ఇస్తుంది, మీరు వాట్సాప్ ఫార్వర్డ్‌లు వదిలేసి అదొక్కటే నమ్మండి. ముందు సైక్లోన్ అలర్ట్, తర్వాత గాలి తీవ్రతని బట్టి గేల్, స్టార్మ్, హరికేన్ వార్నింగ్‌లు, హరికేన్ అంటే 64 నాట్లు దాటే గాలి, గంటకి 118 కిలోమీటర్ల పైన. 2016లో విన్‌స్టన్ ముందు ఫిజీని దాటి తూర్పున టోంగా వైపు పోయింది, అక్కడినుంచి వెనక్కి తిరిగి ఫిబ్రవరి 20న కేటగిరీ 5లో కోరో దీవినీ రాకిరాకి వైపునీ కొట్టింది, 44 మంది పోయారు. కాబట్టి వార్నింగ్ అధికారికంగా ఎత్తేసేదాకా ప్లైవుడ్ పీకొద్దు. కన్ను మన మీదుగా పోతే ఒక్కసారిగా గాలి ఆగిపోతుంది, అప్పుడు బయటికి రావొద్దు, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది, నీళ్ళు కూడా ఈసారి వేరే వైపు నుంచి వస్తాయి. ఎవాక్యుయేషన్ సెంటర్లు ఎక్కువగా స్కూళ్ళే, మీకు దగ్గర్లోది ఏదో ఇప్పుడే కనుక్కోండి, అది మీ ఇంటి కంటే ఎత్తులో ఉందా, దారిలో లోతట్టు కల్వర్టు ఉందా చూసుకోండి, వెళ్ళేదైతే వెలుతురు ఉండగానే వెళ్ళండి.

సునామీకి మాత్రం పైన చెప్పిన క్యాలెండర్లూ లెక్కలూ ఏవీ పనికిరావు. 1953 సెప్టెంబర్ 14న సువా దగ్గర భూకంపం వచ్చి సముద్రం అడుగున మట్టి జారి నిమిషాల్లో అల వచ్చింది. అంత దగ్గర్లో పుడితే హెచ్చరిక మీకు చేరేలోపే నీళ్ళు చేరతాయి. నిలబడలేనంతగా ఊగినా, ఎక్కువసేపు ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా సైరన్ కోసం ఎదురుచూడకుండా ఎత్తుకి నడిచి వెళ్ళిపోండి, కార్లు వద్దు, సువా ట్రాఫిక్ తెలుసు కదా. దూరంగా పుట్టినవాటికి హవాయిలోని సునామీ హెచ్చరిక కేంద్రం నుంచి బులెటిన్ వస్తుంది, అందులో టైము యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, ఫిజీ టైము రావాలంటే దానికి 12 గంటలు కలపాలి. ఇది తెలీక అల వచ్చే టైము దాటిపోయింది అనుకునే ప్రమాదం ఉంది. మొదటి అల చిన్నగా ఉందని కిందకి దిగొద్దు, తర్వాతివి పెద్దవి కావచ్చు.

ఇంట్లో చెయ్యాల్సినవి గబగబా చెప్తాను. పాస్‌పోర్టులూ వర్క్ పర్మిట్లూ సర్టిఫికెట్లూ జిప్ కవర్లో. క్యాష్ కొంచెం చేతిలో ఉంచుకోండి, నెట్‌వర్క్ పోతే ఫోన్‌లో డబ్బు కట్టే ఎం-పైసా పనిచెయ్యదు. బ్యాటరీ రేడియో తప్పనిసరి, ఎఫ్‌బీసీ హిందీ స్టేషన్‌లో చెప్పేది మనవాళ్ళలో చాలామందికి అర్థమవుతుంది. నీళ్ళు వస్తాయనుకుంటే మెయిన్ స్విచ్ ముందే ఆపండి, తడి కాళ్ళతో కాదు. ఉప్పునీరు చేరిన బావిగానీ నేలలో సంపుగానీ కొన్నాళ్ళు తాగడానికి పనికిరాదు, మరగబెట్టినా ఉప్పు పోదు, కాబట్టి తాగే నీళ్ళు విడిగా డ్రమ్ముల్లో ఎత్తులో పెట్టండి. సెప్టిక్ ట్యాంకులు పొంగి ఆ నీళ్ళన్నీ కలిసిపోతాయి, వరద తర్వాత ఇక్కడ లెప్టోస్పైరోసిస్ బాగా వస్తుంది, ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్ళలోంచి. కాళ్ళకి పుండ్లుంటే ఆ నీళ్ళలో దిగొద్దు, శుభ్రం చేసేటప్పుడు బూట్లు గ్లౌజులు వేసుకోండి, తర్వాత జ్వరం, కండరాల నొప్పులు వస్తే మాత్ర వేసుకుని ఊరుకోకుండా హాస్పిటల్‌కి వెళ్ళి వరద నీళ్ళలో దిగామని చెప్పండి, ఆ మాట చెప్పకపోతే డాక్టర్‌కి తట్టకపోవచ్చు.

అద్దెకి గానీ కొనడానికి గానీ ఇల్లు చూసేవాళ్ళు ఓనర్‌ని కాదు, పక్కింటివాళ్ళని అడగండి, పెద్ద పోటుకి నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి అని. మడ చెట్లు కొట్టేసి మట్టి పోసిన స్థలాలైతే ఇంకా జాగ్రత్త. ‘నా చిన్నప్పటి నుంచి ఇక్కడిదాకా రాలేదు’ అని పెద్దవాళ్ళు నిజమే చెప్తారు, కానీ ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం పడమటి పసిఫిక్‌లో 1993 నుంచి సముద్రం సుమారు 10 నుంచి 15 సెంటీమీటర్లు పెరిగింది, పైన గుమ్మం లెక్కలో చూశారు కదా, 10 సెంటీమీటర్లు అంటే ఎంతో. వనువా లేవులో వునిదోగోలోవా అనే ఊరు ఊరంతా 2014లో లోపలికి మారిపోయింది, ఉత్తినే మారలేదు వాళ్ళు.

చివరిగా ఇండియాలో ఉన్న అమ్మానాన్నల గురించి. 2022 జనవరి 15న టోంగాలో అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం కింద కేబుల్ తెగి దేశం మొత్తానికి బయటి ప్రపంచంతో మాట లేకుండా పోయింది, బయట ఉన్నవాళ్ళు రోజుల తరబడి అల్లాడిపోయారు. మనకీ అలా అవ్వొచ్చు. తుఫాను వస్తోందని తెలియగానే ఇంటికి ఫోన్ చేసి ఎక్కడ ఉంటామో, ఏ స్కూలుకి వెళ్తామో చెప్పి, రెండు మూడు రోజులు ఫోన్ కలవకపోయినా కంగారు పడొద్దని ముందే చెప్పండి. ఆక్లాండ్‌లోనో సిడ్నీలోనో ఉన్న ఒక చుట్టాన్ని మధ్యలో పెట్టుకోండి, మీరు ఒక్క మెసేజ్ వాళ్ళకి పంపితే అందరికీ వాళ్ళు చెప్తారు, బ్యాటరీ మిగులుతుంది. ఇంకోటి, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే సముద్ర హెచ్చరికలు హిందూ మహాసముద్రానివి, వాటిలో ఫిజీ గురించి ఏం లేదు కాబట్టి అంతా బాగానే ఉందని ఇంట్లోవాళ్ళు అనుకోవద్దు, నాందీ కేంద్రం పేజీ లింక్ వాళ్ళకి ఇప్పుడే పంపి పెట్టండి. మన టైము ఇండియా కంటే ఆరున్నర గంటలు ముందు, ఇక్కడ అర్ధరాత్రి పోటు వచ్చేటప్పటికి వాళ్ళకి సాయంత్రం అయిదున్నర, మెలకువగానే ఉంటారు, ఒక మెసేజ్ పెట్టండి.