పులికి రేడియో కాలర్ తొడగాలంటే

పులికి మత్తు ఇచ్చే ముందు, ఆ అవసరం నిజంగా ఉందా అన్నది తేల్చుకోవాలి. పులుల లెక్క కోసమే అయితే కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదుటికి రాగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలు) చాలు. ఏ పులో గుర్తించేది చారలను బట్టే; రెండు పక్కల చారలు ఒకేలా ఉండవు కనుక బాటకు అటొకటి, ఇటొకటి అమర్చాలి. నల్లమలలోనైతే ఆ బాట ఎక్కడుందో మ్యాపుల కంటే ముందు చెంచు ట్రాకర్లను అడగడం మేలు.

పులి సంచారం వివరంగా తెలియాలంటే కాలర్, అంటే అది ఎక్కడుందో సంకేతాలతో తెలిపే మెడపట్టీ, ఉపయోగపడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే పులిని పట్టరాదు. కాలర్ బరువు జంతువు బరువులో 3 శాతం మించకూడదు; మెడ ఇంకా పెరుగుతున్న పిల్లలకు తొడగనేకూడదు.

చల్లని వేళ చూసుకుని, పులి నీటి మడుగులకూ లోయ అంచులకూ దూరంగా ఉన్నప్పుడే, అనుభవమున్న పశువైద్యుడు తొడ కండరానికి డార్ట్ (దూరం నుంచి పేల్చే మత్తు సూది) వేయాలి. కెటమిన్ అనే మందు మత్తులో పులి కళ్లు తెరిచే ఉంటాయి, రెప్ప వాలదు. అందుకే కంటికి ఆయింట్‌మెంట్ రాసి, మెత్తని గుడ్డ కప్పి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. శ్వాసను, నాడిని, ఉష్ణోగ్రతను కొన్ని నిమిషాలకొకసారి రాసుకుంటూ, వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే పొట్ట మీద, గజ్జల్లో నీళ్లు పోయాలి. ఫొటోల సరదా ఇక్కడ పనికిరాదు. విరుగుడు మందు ఇచ్చాక అందరూ దూరంగా తప్పుకుని, పులి తూలకుండా నడిచి వెళ్లేవరకు కనిపెట్టుకుని ఉండాలి.