పీటీ 100 చూపే ఉష్ణోగ్రతను నమ్మే ముందు

కంట్రోల్ రూమ్ తెరపై కనిపించే ఉష్ణోగ్రత అనేది పీటీ 100 సెన్సర్ (వేడిని బట్టి నిరోధం మారే ప్లాటినం సెన్సర్), తీగలు, ట్రాన్స్‌మిటర్ (ఆ నిరోధాన్ని మిల్లీఆంపియర్ల కరెంటుగా మార్చి పంపే పరికరం) దాటుకుని వచ్చిన అంకె. దానిపై అనుమానం కలిగితే వెంటనే ట్రాన్స్‌మిటర్‌ను సరిదిద్దబోకుండా, సెన్సర్ దగ్గర మొదలుపెట్టి ఒక్కో అంచెనూ విడిగా పరీక్షించాలి. సెన్సర్‌ను బయటికి తీసే ముందు, సంబంధిత అధికారి అనుమతితో ఆ కంట్రోల్ లూప్‌ను, అంటే రీడింగ్‌ను బట్టి వాల్వును తనంతట తానే నడిపే ఏర్పాటును, మాన్యువల్‌లోకి మార్చాలి; లేకపోతే ఉష్ణోగ్రత పడిపోయిందనుకుని లూప్ ఆవిరి వాల్వును పూర్తిగా తెరిచేస్తుంది.

మొదటిది ఐసు పరీక్ష. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐసును మెత్తగా చితక్కొట్టి ఫ్లాస్కులో నింపి, ముక్కల మధ్య సందులు నిండేంత వరకే చల్లటి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. నీరు ఎక్కువైతే ఐసు పైకి తేలిపోయి, అడుగున 4 డిగ్రీల వరకు వెచ్చటి నీరు చేరుతుంది, అప్పుడు మంచి సెన్సర్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. సెన్సర్ కొనను గోడలకు తగలకుండా ఐసు మధ్యలోకి లోతుగా దించి, రీడింగ్ నిలకడగా మారే దాకా ఆగాలి. అప్పుడు, అంటే 0 డిగ్రీల వద్ద, సెన్సర్ నిరోధం 100 ఓములు ఉండాలి. కచ్చితత్వాన్ని బట్టి చేసిన వర్గీకరణలో బి తరగతి సెన్సర్‌కు అనుమతించే తేడా 0.12 ఓము మాత్రమే. మామూలు మల్టీమీటర్ ప్రోబు తీగల నిరోధమే అంతకన్నా ఎక్కువ ఉండవచ్చు కనుక, ఈ కొలతకు, తీగల నిరోధం లెక్కలో కలవని నాలుగు తీగల పద్ధతి తప్పనిసరి అని నా అభిప్రాయం.

తర్వాత తీగలు. ఒక డిగ్రీకి మారే నిరోధం సుమారు 0.385 ఓము కాబట్టి, రెండు తీగల కనెక్షన్‌లో అదనంగా చేరిన ఒక్క ఓము రీడింగ్‌ను దాదాపు 2.6 డిగ్రీలు పెంచుతుంది. మూడు తీగల కనెక్షన్ ఈ దోషాన్ని సరిచేస్తుంది, కానీ తీగలన్నిటి నిరోధం సమానంగా ఉన్నప్పుడే. ఒక్క టెర్మినల్ తుప్పు పట్టినా ఆ లెక్క తప్పుతుంది. అందుకే స్క్రూలను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించాలి.

చివరగా ట్రాన్స్‌మిటర్. దానికి సెన్సర్ బదులు నిరోధాల పెట్టెను (కావలసిన నిరోధాన్ని ఎంచుకోగల పరికరాన్ని) కలపాలి. పరిధి 0 నుంచి 200 డిగ్రీలైతే, 100 ఓముల (0 డిగ్రీల) వద్ద 4 మిల్లీఆంపియర్లు, 138.51 ఓముల (100 డిగ్రీల) వద్ద 12, 175.86 ఓముల (200 డిగ్రీల) వద్ద 20 రావాలి.

సెన్సర్‌ను తిరిగి అమర్చేటప్పుడు దాని కొన థర్మోవెల్ (సెన్సర్‌ను కాపాడే లోహపు గొట్టం) అడుగుకు గట్టిగా ఆనాలి, మధ్యలో గాలి మిగిలితే రీడింగ్ ఆలస్యంగా కదులుతుంది. ఇక దేనిని సరిదిద్దినా, సరిదిద్దక ముందున్న అంకెలను తేదీతో సహా రిజిస్టరులో రాయాలి. అవి లేకపోతే, అంతకుముందు తయారైన ఏ బ్యాచ్‌లను మళ్లీ పరీక్షించాలో తేల్చడానికి ఆధారం ఉండదు.