ల్యాబ్‌వ్యూలో (కొలతల డేటాకి వాడే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) పోటు టైమ్ కరెక్ట్‌గా పట్టాలంటే

వైజాగ్ హార్బర్ దగ్గర నీటిమట్టం డేటా తీస్తే రోజుకి దాదాపు రెండు పోట్లు కనపడతాయి, కానీ పైన అలల గజిబిజి ఉంటుంది కదా, అర్రే మ్యాక్స్ (లిస్టులో అన్నిటికన్నా పెద్ద విలువ) పెడితే ఏదో అల నెత్తిమీద ఆగిపోతుంది. పీక్ డిటెక్టర్ వీఐ (డేటాలో శిఖరాలు వెతికే రెడీమేడ్ బ్లాక్) వాడండి. థ్రెషోల్డ్ (ఇంతకన్నా చిన్న పీక్‌లని వదిలేసే హద్దు) సగటు మట్టం కన్నా కొంచెం పైన పెట్టేస్తే చాలు. తంటా అంతా విడ్త్‌తోనే: విడ్త్ ఎంత ఇస్తే అన్ని వరుస పాయింట్లకి ఆ వీఐ క్వాడ్రాటిక్ ఫిట్ (పారబోలా వంపు సరిపెట్టడం) చేస్తుంది, మరీ చిన్నదైతే ప్రతి అలా పీకే, మరీ పెద్దదైతే ఎత్తు తగ్గి చోటు కూడా జరుగుతుంది, కనీసం 3 ఉండాలి, పీక్ హాఫ్-విడ్త్‌లో (సగం ఎత్తు దగ్గర పీక్ వెడల్పు) సగం దాటకపోతే మంచిది. 5 నిమిషాల డేటాకి నేనైతే 25తో మొదలెడతా. వీఐ ఇచ్చే లొకేషన్స్ (పీక్ ఎన్నో పాయింట్ దగ్గరుందో) 148.37 లాగా దశాంశాల్లో వస్తాయి, వాటిని ఇండెక్స్ అర్రేకి (నంబర్ ఇస్తే ఆ చోట విలువ తీసే బ్లాక్) ఇస్తే రౌండ్ అయిపోయి కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే, అందుకే లొకేషన్‌ని డీటీతో (రెండు రీడింగ్‌ల మధ్య టైమ్) గుణించి టీ జీరోకి (మొదటి రీడింగ్ టైమ్) కలపండి. ఆటు కావాలా, పీక్స్ బదులు వ్యాలీస్ సెలెక్ట్ చేయండి.