గనులున్న దేశం గురించిన వార్తను చదవడం ఎలా

ఒక దేశంలో వజ్రాలో చమురో బయటపడిందన్న వార్త కనిపించినప్పుడు, నిల్వల విలువ ఎంతన్న లెక్కను పక్కన పెట్టి, ఆ సంపద నేలలో ఏ రూపంలో ఉందో, దాన్ని ఎవరు తవ్వుకోగలరో ముందుగా తెలుసుకోవాలి. పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్‌లోని కోనో జిల్లాలో వజ్రాలు చాలావరకు నదులు, వాగులు మోసుకొచ్చిన కంకర పొరల్లో దొరుకుతాయి. బురదనీళ్లలో నిలబడి, పారతో కంకర తోడి, జల్లెడ పట్టగల మనుషులుంటే చాలు. అందువల్ల తుపాకీ పట్టిన ఏ ముఠా అయినా వాగును ఆక్రమించి, ఊరివాళ్లను బెదిరించి తవ్వించి, గుప్పెట్లో ఇమిడే ఆ రాళ్లను సరిహద్దు దాటించగలిగింది. దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలోని బోట్స్‌వానా దేశంలో ఒరపా, జ్వనెంగ్ గనుల్లో వజ్రాలు కింబర్లైట్ అనే అగ్నిశిలలో లోతుగా ఉన్నాయి కాబట్టి, భారీ యంత్రాలు, పెద్ద పెట్టుబడి లేనిదే బయటికి రావు.

అయితే శిల ఒక్కటే దేశాన్ని కాపాడదు. హక్కులు ఎవరి పేరున ఉన్నాయో, రాబడి ఎక్కడికి చేరుతుందో కూడా చూడాలి. బోట్స్‌వానా 1966లో స్వతంత్రమై, 1967లోనే తెగల చేతిలోని ఖనిజ హక్కులను చట్టం ద్వారా రాజ్యానికి అప్పగించింది; ఒరపా తన సొంత తెగ ప్రాంతంలో ఉన్నా అధ్యక్షుడు సెరెట్సే ఖామా ఇందుకు వెనకాడలేదు. నా దృష్టిలో ఆ దేశ చరిత్రలో అన్నిటికన్నా విలువైన నిర్ణయం అదే. సియెర్రా లియోన్‌లో మాత్రం అధ్యక్షుడు సియాకా స్టీవెన్స్ పాలనలో వజ్రాల ఆదాయం ఖజానాకు చేరకుండా అయినవాళ్ల పాలైంది.

కారణాన్ని నిర్ధారించేటప్పుడు తేదీల క్రమాన్ని సరిచూసుకోవాలి. 1991లో తిరుగుబాటుదారులు పొరుగునున్న లైబీరియా వైపు నుంచి సియెర్రా లియోన్‌లోకి వచ్చే నాటికే అక్కడి పాలన కుళ్లిపోయి ఉంది; 2002 దాకా ఆ యుద్ధం సాగడానికి మాత్రం వజ్రాలు డబ్బు సమకూర్చాయి.

ముడి వజ్రాల వ్యాపారానికి 2003లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ కింబర్లీ ధ్రువపత్రాన్నీ జాగ్రత్తగా చదవాలి. అది తిరుగుబాటుదారుల వజ్రాలను అడ్డుకోవడానికి పుట్టింది. ప్రభుత్వ సైన్యమే గని దగ్గర హింసకు పాల్పడితే, ఆ గని వజ్రాలు అది చెప్పే ‘సంఘర్షణ వజ్రాల’ నిర్వచనంలోకి రావు.

చివరగా, వృద్ధి రేటును చూసేటప్పుడు ఎగుమతుల్లో ఆ ఒక్క సరుకు వాటా ఎంతో పక్కనే రాసుకోవాలి. దశాబ్దాలపాటు వేగంగా ఎదిగిన బోట్స్‌వానా ఆర్థిక వ్యవస్థ కూడా, వజ్రాలకు గిరాకీ పడిపోవడంతో 2024లో కుంచించుకుపోయింది.