న్యూజిలాండ్ దక్షిణ దీవిలో సొంతంగా కారు ప్రయాణం – నాలుగో పాఠం: కిలోమీటర్లు కాదు, వెలుతురు లెక్కపెట్టండి

మూడో పాఠం చివర మీ దారిని గీసి, రోజుల వారీగా పంపమని అడిగాను. చాలామంది శ్రద్ధగా పంపారు. అయితే దాదాపు అందరూ ఒకే చోట తడబడ్డారు. అక్కడి హైవేల మీద వేగ పరిమితి గంటకు 100 కిలోమీటర్లు కదా అని, 300 కిలోమీటర్ల దూరానికి మూడు గంటలు వేసుకున్నారు. ఆ లెక్క మీదే హోటళ్లు బుక్ చేయడానికి సిద్ధమైనవారూ ఉన్నారు. దయచేసి ఆగండి. ఈసారి చెప్పాల్సిన కారు బీమా పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. ముందు ఈ లెక్క సరికావాలి.

100 అనేది దాటకూడని హద్దు. రోజంతా ఆ వేగంతో ఎవరూ పోలేరు. దక్షిణ దీవిలో హైవే అంటే చాలా చోట్ల వెళ్లడానికి ఒక వరుస, రావడానికి ఒక వరుస, మధ్యలో గీత, అంతే. హైదరాబాద్–విజయవాడ దారిని మనసులో పెట్టుకుని వేసిన లెక్క అక్కడ నిలవదు. మలుపు ముందు పసుపు బోర్డు మీద 35 అనో 45 అనో ఉంటుంది. దాన్ని సలహాగా తీసిపారేయకండి, ఆ మలుపు నిజంగానే అంత వంపు తిరుగుతుంది. నదుల మీద ఒకే వాహనం పట్టే వంతెనలు వస్తాయి. మీ వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఎదుటివారిని పోనిచ్చి మీరు వెళ్లాలి.

నేను వాడే లెక్క చెబుతాను. మైదానంలో గంటకు 70, కొండదారిలో 50. ప్రతి రెండు గంటల ప్రయాణానికి ఒక అరగంట కలుపుతాను. ఫోనులోని మ్యాపు ఇంతకన్నా తక్కువ సమయమే చూపిస్తుంది. పుకాకి సరస్సు పక్కన మీరు కారు ఆపి నిలబడిపోయే సమయం దానికి తెలియదు.

క్రైస్ట్‌చర్చ్ నుంచి టెకాపో సుమారు 225 కిలోమీటర్లు, విరామంతో కలిపి నాలుగు గంటలు. వానాకా నుంచి ఫ్రాంజ్ జోసెఫ్ సుమారు 285. హాస్ట్ కనుమ దాటి, పడమటి తీరం వెంట పోవాలి. అది పూర్తిగా ఒక రోజు. వానాకా నుంచి క్వీన్స్‌టౌన్‌కు క్రౌన్ రేంజ్ మీదుగా 70 కిలోమీటర్లే. కానీ ఆ దారి 1,000 మీటర్ల ఎత్తు దాటుతుంది, మంచు పడిన ఉదయాల్లో దాని జోలికి పోకండి. క్రామ్‌వెల్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లండి. ఇక ఆక్లండ్‌లో దిగి ఏడు రోజుల్లో క్వీన్స్‌టౌన్ చేరాలనుకున్నవారికి ఒకటే మాట: ఆక్లండ్ నుంచి వెల్లింగ్టన్‌కే 640 కిలోమీటర్లు, ఆ తర్వాత దక్షిణ దీవికి ఓడలో మూడున్నర గంటలు. ఉత్తర దీవిని ఇంకోసారికి వదిలేయండి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయం, మిల్‌ఫర్డ్ సౌండ్, అంటే నిటారు కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన చోటు. దాదాపు ప్రతి పథకంలోనూ ‘ఐదో రోజు: క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్, సాయంత్రానికి వాపసు’ అని ఉంది. మ్యాపులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి మధ్య ఉన్నవి పర్వతాలు, నేరుగా దారి లేదు. దక్షిణంగా దిగి, టె ఆనౌ అనే ఊరు చుట్టి, మళ్లీ ఉత్తరానికి ఎక్కాలి. ఒక వైపుకే దాదాపు 290 కిలోమీటర్లు. టె ఆనౌ దాకా 170, నా లెక్కలో రెండున్నర గంటలు. అక్కడి నుంచి కొండదారి 120, మరో రెండున్నర. విరామాలు కలపకుండానే వెళ్లి రావడానికి పది గంటలు. పడవ షికారు రెండు గంటలు. మొత్తం పన్నెండు.

మీలో ఎక్కువమంది పిల్లల వేసవి సెలవులని మే నెలలో వెళుతున్నారు. మనకు ఎండలు మండే ఆ నెలలో అక్కడ చలికాలం దగ్గరపడుతుంది. మే మధ్యలో క్వీన్స్‌టౌన్‌లో ఉదయం ఎనిమిదికి తెల్లవారి, సాయంత్రం ఐదు దాటగానే పొద్దుపోతుంది. చేతిలో ఉన్న వెలుతురు తొమ్మిది గంటల చిల్లర, పని పన్నెండు గంటలది. మిగిలిన మూడు గంటలు ఎక్కడ పడతాయో చూడండి: అలసిన డ్రైవరు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలు, రోడ్డు మీద కనిపించని నల్లటి మంచుపొర. జనవరిలో వెళితే రాత్రి తొమ్మిది దాకా వెలుగు ఉంటుంది. అప్పుడు కూడా నేను ఒక్క రోజులో వెళ్లి రమ్మని చెప్పను. డ్రైవరు రోడ్డు తప్ప ఏమీ చూడడు.

ఆ దారికి ఇంకో గుణం ఉంది. మిల్‌ఫర్డ్ దగ్గరే అది ముగుస్తుంది, వచ్చిన దారినే తిరిగి రావాలి. మధ్యలో 1.2 కిలోమీటర్ల హోమర్ సొరంగం, మంచు చరియల ముప్పున్న లోయలు. ముప్పు ఎక్కువైతే దారి మూసేస్తారు. మే నుంచి నవంబరు వరకు టైర్లకు చుట్టే గొలుసులు వెంట ఉండాలి. వాటిని చుట్టడం కారు తీసుకున్న చోటే నేర్చుకోండి. ఫోను సిగ్నల్ చాలా దూరం ఉండదు. టె ఆనౌలో ట్యాంకు నింపకుండా కదలవద్దు.

కాబట్టి టె ఆనౌలో రెండు రాత్రులు. ఇందులో నేను రాజీపడను. కారు మీరే నడపాలన్న పట్టుదల లేకపోతే టె ఆనౌ నుంచి బస్సు ఎక్కండి. ఇంటిల్లిపాదీ కిటికీలోంచి చూస్తారు.

బసల విషయంలో నా ఇష్టం ఇది: వంటగది ఉన్న మోటెల్. చిన్న ఊళ్లలో రాత్రి ఎనిమిది తర్వాత తిండి దొరకడం కష్టం. అన్నం వండుకుంటే చాలు, పొడులు, పచ్చళ్లు ఉంటాయి. న్యూజిలాండ్‌లో అడుగుపెట్టేముందు ప్రయాణికులు నింపి ఇవ్వాల్సిన డిక్లరేషన్‌లో వాటన్నిటినీ తప్పక రాయండి. రాసి చూపిస్తే, మహా అయితే కొన్ని తీసేసుకుంటారు. రాయకుండా పట్టుబడితే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా.

అభ్యాసం: క్రైస్ట్‌చర్చ్‌లో మొదలై అక్కడే ముగిసేలా, తొమ్మిది రాత్రుల పథకం మళ్లీ రాయండి. విమానం దిగిన రోజు కారు నడపకూడదు. ప్రతి రోజుకూ బయలుదేరే సమయం, చేరే సమయం, ఆ ఊళ్లో ఆ తేదీన సూర్యాస్తమయం, మూడూ పక్కపక్కన రాయాలి. చేరే సమయం సూర్యాస్తమయానికి గంట ముందు లేకపోతే ఆ రోజును కొట్టేసి మళ్లీ వేయండి. తర్వాత మిల్‌ఫర్డ్ దారి ఆ ఉదయం మూసేశారనుకుని, ఆ రోజుకు మరో పథకం, మర్నాటి మార్పులతో సహా రాయండి. ఇది రాయనివారు బీమా పాఠానికి రావద్దు. ఏ రోజు ఏ దారిలో ఉంటారో తెలియకుండా ఏ బీమా కావాలో చెప్పలేను.