పర్లాకిమిడి తరగతి గదిలో మీడియాథ్రెడ్: ఇన్‌స్టాల్ చేసుకొనే పద్ధతి

ఒకే వీడియోను తరగతి అంతా చూస్తూ, ఎవరికి కావలసిన భాగాన్ని వారు సెకన్ల లెక్కన గుర్తించి, దానికి వ్యాఖ్య రాసి, తోటివారి వ్యాఖ్యలను కూడా చదువుకోవడానికి వీలు కల్పించే వెబ్ అప్లికేషన్ మీడియాథ్రెడ్. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రూపొందిన దీని సోర్సు (ప్రోగ్రామ్ మూలకోడ్) గిట్‌హబ్ అనే కోడ్ పంచుకొనే వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంది. తెలుగు, ఒడియా, సవర భాషలు మూడూ వినిపించే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతాల అధ్యాపకులకు దీని ఉపయోగం వేరే చెప్పనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడే సవరల మాటలను చెవితో విని కాగితం మీద పెట్టారు. ఇప్పుడు ఒక అవ్వ చెప్పిన కథను రికార్డు చేస్తే, అందులోని ఒక్కొక్క మాట దగ్గర ఒక విద్యార్థి అర్థాన్నీ, మరొకరు ఒడియా సమానార్థకాన్నీ రాయవచ్చు.

ఇన్‌స్టాల్ చేయబోయే ముందు ఒక సంగతి గ్రహించాలి. మీడియాథ్రెడ్ ప్రధానంగా వీడియోలను దాచే గిడ్డంగి కాదు. వీడియో ఉన్న చోటి చిరునామానూ, దాని మీద మనం రాసిన వ్యాఖ్యలనూ మాత్రమే అది గుర్తుంచుకుంటుంది. కనుక ఇంటర్నెట్ నిలకడగా ఉండని కళాశాలలో వీడియోలను కూడా సర్వర్‌గా వాడే కంప్యూటర్‌లోనే ఒక ఫోల్డరులో ఉంచడం మంచిది. ఆ కంప్యూటర్‌కు మారని ఐపీ చిరునామానూ, ఒక పేరునూ ముందే నిర్ణయించి, ల్యాబ్‌లోని మిగతా కంప్యూటర్ల హోస్ట్స్ ఫైలులో (ఏ పేరు ఏ ఐపీ చిరునామాదో చెప్పే జాబితాలో) ఆ పేరును చేర్చాలి. ఆరు నెలల తరువాత పేరు మారిస్తే వ్యాఖ్యలన్నీ ఉంటాయి గాని, అవి చూపించే వీడియోలు తెరుచుకోవు.

సర్వర్‌లో ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందనుకుందాం. మీడియాథ్రెడ్ పైథాన్ భాషలో, జంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద రాసినది. గిట్ (సోర్సును దించుకొనే సాధనం), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, నోడ్ (జావాస్క్రిప్ట్‌ను నడిపేది)‌లతో పాటు, సోర్సులోని రీడ్‌మీ ఫైలు సూచించిన పైథాన్ వెర్షన్‌ను వేసుకోవాలి. ఉబుంటులో అంతకన్నా కొత్త పైథాన్ ఉన్నంత మాత్రాన దానితోనే పని జరుగుతుందని అనుకోకూడదు. తరువాత సోర్సును గిట్‌తో దించుకొని, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌తో ఒక ఖాళీ డేటాబేస్‌ను సృష్టించాలి. తెలుగు, ఒడియా అక్షరాలు రెండూ చెడకుండా నిలవాలంటే ఇది తప్పనిసరి. ఉమ్మడి సెట్టింగుల ఫైలును ముట్టుకోకుండా, స్థానిక సెట్టింగుల కోసం వేరే ఫైలును తయారుచేసి, అందులో డేటాబేస్ పేరు, సంకేతపదం, రహస్య కీ, అనుమతించిన హోస్టు పేరు, ఏషియా-కోల్‌కతా కాలమండలం రాయాలి. మేక్ ఆదేశం ఇస్తే పైథాన్ పరిసరం సిద్ధమవుతుంది. ఈ దశలో చాలా ప్యాకేజీలు ఇంటర్నెట్ నుంచి దిగుతాయి గనుక, నెట్ బాగుండే వేళ చూసుకొని మొదలుపెట్టడం మేలు. అది ముగిశాక మైగ్రేట్ ఆదేశంతో డేటాబేస్‌లో పట్టికలను ఏర్పరచి, సూపర్‌యూజర్ (అన్ని అధికారాలూ ఉండే నిర్వాహక) ఖాతాను సృష్టించాలి.

జంగోతో వచ్చే రన్‌సర్వర్ అనే చిన్న సర్వర్ పరీక్షకు మాత్రమే పనికివస్తుంది. తొందరపడి నేను మొదట వీడియోలను కూడా దాని ద్వారానే అందించాను. వీడియో ఆడింది గాని, నాలుగో నిమిషానికి జరపబోతే మళ్ళీ మొదటికే వచ్చేది. ఫైలులో కోరిన భాగాన్ని మాత్రమే పంపే సౌకర్యం అందులో లేకపోవడమే దానికి కారణం. ఆ సౌకర్యం లేనిచోట సెకన్ల లెక్కన వ్యాఖ్య రాయడమన్నది కుదరని పని. అందువల్ల అప్లికేషన్‌ను గునికార్న్ అనే పైథాన్ సర్వర్‌తో నడిపి, దాని ముందు ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్‌ను నిలిపి, వీడియో ఫోల్డరును ఎన్‌జింక్స్ ద్వారానే నేరుగా అందించాలి. సెట్టింగుల్లో డీబగ్‌ను (తప్పుల వివరాలు తెర మీద చూపే స్థితిని) ఆపివేసి, పేజీల రూపానికి కావలసిన ఫైళ్ళను ఒకచోట చేర్చే కలెక్ట్‌స్టాటిక్ ఆదేశాన్ని కూడా ఇవ్వాలి. ఫోనులో తీసిన వీడియోలను ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మార్పిడి సాధనంతో హెచ్.264 ఎంపీ4గా మార్చేటప్పుడు ఫాస్ట్‌స్టార్ట్ ఎంపికను జోడిస్తే, ఫైలు సూచిక ముందుకు చేరి, మొత్తం దిగకముందే వీడియో ఆడడం మొదలవుతుంది.

ఆ తరువాత అడ్మిన్ పేజీలో విద్యార్థులకొకటి, అధ్యాపకులకొకటి చొప్పున రెండు గ్రూపులను ఏర్పరచి, వాటిని కోర్సుకు జతచేయాలి. ఈ రెండింటినీ ఒకటి చేస్తే విద్యార్థులకు కూడా అధ్యాపకుల అధికారాలు వచ్చేస్తాయి. వీడియో ట్యాగుతో ఒక చిన్న పేజీని రాసి, మీడియాథ్రెడ్ క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌లో (బ్రౌజరుకు జతచేసే చిన్న ప్రోగ్రామ్‌లో) మన సర్వర్ పేరును ఇచ్చి, ఆ పేజీ నుంచి వీడియోను కోర్సు కలెక్షన్‌లోకి చేర్చాలి. మొదటి రోజు ఒకే వీడియోను, అదీ మూడు నిమిషాలకు మించనిదాన్ని, ఇద్దరు విద్యార్థుల ఖాతాలతో పరీక్షించి, ఒకరు రాసిన వ్యాఖ్య రెండోవారికి కనిపిస్తున్నదో లేదో చూడాలి.

కరెంటు పోయే ఊళ్ళలో సర్వర్‌కు యూపీఎస్ ఉండవలసిందే. డేటాబేస్‌ను పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ-డంప్ సాధనంతో ప్రతి రాత్రీ వేరే డిస్కులోకి కాపీ చేయించాలి. అందులో వీడియోలు ఉండవు కాబట్టి వీడియో ఫోల్డరుకు వేరే కాపీ కావాలి. నెలకొకసారి ఆ రెండు కాపీలనూ మరో కంప్యూటర్‌లో తెరిచి, ఏదో ఒక వ్యాఖ్య మీద నొక్కి, వీడియో సరిగ్గా ఆ సెకను దగ్గరే మొదలవుతున్నదో లేదో సరిచూసుకోవాలి.