ఫిజిక్స్ డిగ్రీకి కాలేజీ ఎంచుకునే ముందు జాగ్రత్తలు

ఫీజు కట్టే ముందు ల్యాబ్ తలుపు తీయించి చూడండి. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. నిరుడు మా అన్న కూతురిని వెంటబెట్టుకుని ఒక కాలేజీకి వెళ్లాను. కాంతిని రంగులుగా విడదీసి కొలిచే స్పెక్ట్రోమీటర్ బీరువాలో ఉంది, ప్రిజమ్ అంచు విరిగింది, సోడియం దీపం వెలగనే లేదు. మీరు చూసే కాలేజీలో చదివే పిల్లలను పక్కకు పిలిచి, ఈ నెలలో మీ చేతులతో ఎన్ని ప్రయోగాలు చేశారని అడగండి.

2023లో ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి ఒకే మేజర్ (ప్రధాన) సబ్జెక్టు పద్ధతి వచ్చింది. ఫిజిక్స్ మేజర్ అయితే, మైనర్‌గా, అంటే తోడు సబ్జెక్టుగా, గణితం ఇస్తారో లేదో ముందే తేల్చుకోండి. గణితం గట్టిగా లేకపోతే పరమాణువుల తీరు చెప్పే క్వాంటమ్ మెకానిక్స్ దగ్గర పిల్లలు నలిగిపోతారు.

పట్టా ఏ విశ్వవిద్యాలయానిది? నెల్లూరులో విక్రమ సింహపురి, ఒంగోలులో ఆంధ్ర కేసరి ఉన్నాయి. కాలేజీ దేనికి అనుబంధమో కనుక్కోండి.

పరిశోధన మీద మనసుంటే తిరుపతి ఐసర్ (సైన్స్ విద్య, పరిశోధనల కేంద్ర సంస్థ) మనకు దగ్గరే. అక్కడి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపిన కోర్సు) కోసం ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ రెండో ఏడాదిలోనే నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండండి.

కందుకూరు, దర్శి వైపు నుంచి రోజూ వచ్చిపోయే ఆడపిల్లలైతే, సాయంత్రం ల్యాబ్ ముగిశాక ఊరికి బస్సు ఉందో లేదో కూడా చూసుకోండి.